పెళ్లి కాకుండా కలిసి కొన్న ఇల్లు అమ్మినప్పుడు డబ్బు ఎలా పంచుకోవాలి: అనంతపురంలో మేం వేసిన లెక్క

మా వైపు శెనక్కాయ పొత్తుకు చేసేవాళ్ళు లెక్క కళ్లంలోనే తేల్చుకుంటారు. విత్తనం ఎవరిది, ఎరువుకు ఎవరు పెట్టారు, కూలీలకు ఎవరిచ్చారు, అన్నీ అక్కడే లెక్కేసి మూటలు అక్కడే విడదీస్తారు. ఒకరి ఇంటికి చేరాక నిదానంగా పంచుకుందాంలే అనుకుంటే ఆ నిదానం ఎన్నేళ్ళు సాగుతుందో ఊర్లో ఎవరినడిగినా చెప్తారు. నేనూ అతనూ కలిసి అనంతపురంలో కొన్న ఇంటిని 2025 ఆగస్టులో అమ్మినప్పుడు నాకు పనికొచ్చింది ఈ కళ్లం తెలివే. డబ్బు ఎవరి అకౌంట్లోనూ పడకముందే ఎవరికెంతో తేలాలి, తేలింది కాగితం మీదకు ఎక్కాలి, ఎక్కినట్టే రిజిస్ట్రేషన్ రోజు రెండు డీడీలుగా చేతికి రావాలి.

నేను లాయర్ని కాదు, ఆడిటర్ని కాదు. ఏడేళ్ళు కలిసుండి, ఎనిమిది నెలలు కొట్లాడి, చివరికి ఒక దారిన పడ్డాం. ఆ ఎనిమిది నెలల్లో తెలుసుకున్నది రాస్తున్నా. మాలాంటివాళ్ళు మన జిల్లాల్లో తక్కువేం కాదు, బయటికి చెప్పుకోరు అంతే.

మొదట మనసుకు ఎక్కించుకోవాల్సింది

పెళ్లి కాలేదు కాబట్టి విడాకుల కేసు ఉండదు, ఫ్యామిలీ కోర్టులో మీ ఇంటి పంపకం నడవదు. ఆస్తి విషయంలో చట్టానికి మీరిద్దరూ ఉమ్మడి యజమానులు మాత్రమే, ఇద్దరు స్నేహితులు కలిసి స్థలం కొన్నట్టే లెక్క. "ఇన్నేళ్ళు కాపురం చేశాను కాబట్టి సగం నాది" అనే వాదన నిలవదు. ఆ మాటకొస్తే గోవా తప్ప మన దేశంలో మొగుడూపెళ్లాలకు కూడా ఆస్తి సగం సగం అనే రూలు లేదు, దస్తావేజులో ఎవరి పేరుంటే వాళ్ళదే. ఒకరు పోతే వారసత్వమూ రాదు, వీలునామా రాసి ఉంటే తప్ప. మేం వీలునామా రాయలేదు, ఏడేళ్ళు అలాగే ఉన్నాం, ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

ఒక్క విషయం పక్కన పెట్టకూడదు. పెళ్లిలాంటి సంబంధంలో ఉన్న ఆడమనిషికి 2005 గృహహింస చట్టం వర్తిస్తుంది. కొట్టి తిట్టి ఇంట్లోంచి గెంటేస్తుంటే ఆ ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు కోర్టులో అడగొచ్చు. కానీ అది నివాసం హక్కే, ఇల్లు ఎవరిదో ఆ చట్టం తేల్చదు. అతనికి పెళ్లయిందని తెలిసే కలిసున్నారంటే ఆ రక్షణ దొరకడం కష్టమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది కూడా.

దస్తావేజులో ఏముంది?

ఎవరైనా సలహా అడిగితే నేను ముందు అడిగేది ఇదే. ఇద్దరి పేర్లూ ఉండి వాటాలు కూడా రాసుంటే, ఉదాహరణకు 60, 40 అని, గొడవ అక్కడితో చాలావరకు తెగిపోయినట్టే. ఇద్దరి పేర్లు ఉండి వాటా రాయకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 45వ సెక్షన్ చూడాలి. ఎవరు ఎంత పెట్టారో రుజువుంటే ఆ నిష్పత్తిలో, రుజువు లేకపోతే సమానంగా. అంటే పాత బ్యాంకు స్టేట్‌మెంట్లే మీ వాటా. మాది ఈ రకం. 2018లో రిజిస్ట్రేషన్ చేసుకునేటప్పుడు వాటాలు రాయించుకుందామా అని డాక్యుమెంట్ రైటర్ అడిగాడు, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వి "అవసరం లేదులే అన్నా" అన్నాం. ఆ నవ్వుకు తర్వాత ఎనిమిది నెలలు కట్టాం.

ఇక దస్తావేజు ఒకరి పేరు మీదే ఉండి ఇంకొకరు డబ్బు పెట్టి ఉంటే, అది నిజంగా ఇరుకు. బినామీ చట్టం 1988లో వచ్చింది, 2016లో గట్టి చేశారు. భార్య పేరునో భర్త పేరునో పిల్లల పేరునో లెక్కున్న డబ్బుతో కొంటే మినహాయింపు ఉంది, కలిసున్న మనిషి పేరున కొంటే ఆ మినహాయింపు లేదు. "పేరు వాడిది, ఇల్లు నాది" అని కోర్టుకెళ్తే అసలుకే మోసం రావచ్చు. ఇలాంటప్పుడు ఇంట్లో వాటా అనకుండా, ఇచ్చిన డబ్బు తిరిగి ఇప్పించమని అడిగే దారి ఉందేమో లాయర్‌తో మాట్లాడండి. అప్పుగా ఇచ్చిన డబ్బుకు గడువు మూడేళ్ళే, ఇచ్చిన రోజు నుంచి. ప్రోనోటు మూడేళ్ళకు మురిగిపోతుందని సీమలో చిన్నపిల్లోడికి కూడా తెలుసు, కానీ కలిసున్న మనిషి దగ్గర ప్రోనోటు రాయించుకునేదెవరు? గడువు లోపల "నీకింత ఇవ్వాలి" అని సంతకంతో రాసిస్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. మాటలు ఇంకా బాగున్నప్పుడే ఆ కాగితం తీసుకోండి.

లోన్‌లో పేరుంటే ఇంట్లో వాటా ఉన్నట్టేనా? కాదు. లోన్ పేపర్లో పేరుంటే అప్పు కట్టే బాధ్యత మీది, దస్తావేజులో పేరుంటేనే ఇల్లు మీది. రెండూ వేరువేరు. లోన్‌లో ఇద్దరూ ఉంటే బ్యాంకు ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు, అతను ఈఎంఐ ఎగ్గొడితే మీ సిబిల్ కూడా పడిపోతుంది. విడిపోయిన కోపంలో "ఇంక నేను కట్టను పో" అనడం ఇద్దరి కాళ్ళనూ నరుక్కోవడమే. అమ్మేదాకా ఈఎంఐ ఆగకూడదు, ఎవరు కట్టినా లెక్కలో రాసుకోండి.

"భార్య" అని రాసిన ఒక్క ముక్క

ఇది మా కథలో నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిపి తెప్పించే ముక్క. కొనుగోలుదారు దొరికాడు, ధర 68 లక్షలకు కుదిరింది, ఆయన బ్యాంకు లోన్‌కు పెట్టాడు. వాళ్ళ బ్యాంకు లాయర్ మా దస్తావేజు చూసి ఫోన్ చేయించాడు. పెళ్లి సర్టిఫికెట్ కావాలి, లేదా విడాకుల డిక్రీ కావాలట. ఎందుకయ్యా అంటే 2018 దస్తావేజులో నా పేరు పక్కన, తండ్రి పేరుండాల్సిన చోట, ఫలానా వారి భార్య అని ఉంది! పక్కపక్కన కూర్చున్న ఆడామగను చూసి రైటర్ అలవాటుగా కొట్టేశాడు, మేం హద్దులూ కొలతలూ చదివాం గానీ మా పేర్లు చదవలేదు. మన పేరు మనకు తెలుసు కదా అని ఎవరూ చదవరు. నా ఆధార్‌లో, పాన్‌లో మా నాన్న పేరుంది, దస్తావేజులో ఇతని పేరుంది.

సవరణ దస్తావేజు చేయించుకోవాల్సి వచ్చింది. దానికి మేం మాత్రమే పోతే సరిపోలేదు, మాకు అమ్మిన బిల్డర్ కూడా వచ్చి సంతకం పెట్టాలి. ఆయన్ను పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది, "ఏం పాపా, ఏడేళ్ళకు గుర్తొచ్చినానా" అని ఒక ఎకసెక్కెం కూడా. కాబట్టి అమ్మకానికి పెట్టకముందే ఈసీ (ఆస్తి మీద ఉన్న అమ్మకాలు, తనఖాలు చూపించే కాగితం), దస్తావేజు నకలు రెండూ తీసి మీ పేరు, తండ్రి పేరు, చెక్కుబందీ అంటే హద్దులు, కొలతలు అక్షరం అక్షరం చదవండి. ఈసీ ఏపీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోనే చూసుకోవచ్చు.

అమ్మడమా, ఒకరే ఉంచుకోవడమా

ఒకరు ఉంచుకుంటే రెండోవాళ్ళ వాటాకు డబ్బిచ్చి, హక్కు విడుదల దస్తావేజో అమ్మకం దస్తావేజో రిజిస్టర్ చేయించుకోవాలి. నోటరీ కాగితం మీద "నా వాటా వదులుకున్నాను" అని రాసుకుంటే చెల్లదు. కుటుంబ సభ్యుల మధ్య ఉండే స్టాంపు డ్యూటీ రాయితీల మీద ఆశ పెట్టుకోకండి, పెళ్లి కాలేదు కాబట్టి మీరు కుటుంబం కింద రారు. చలానా కట్టకముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఏ దస్తావేజుకు ఎంత పడుతుందో అడగండి. ఇంకో తలనొప్పి, ఊరికే "నీకే వదిలేస్తున్నా" అని వాటా రాసిచ్చేస్తే తీసుకున్నవాళ్ళకు అది బంధువు కాని మనిషి నుంచి వచ్చిన కానుక అవుతుంది. 50 వేలు దాటితే ఆదాయపు పన్ను. భార్యకిస్తే ఆ పన్ను లేదు, మనకుంది.

అన్నిటికంటే ముఖ్యం, లోన్‌లోంచి పేరు తీయించుకోవడం. ఇల్లు వదులుకుని లోన్‌లో మిగిలిపోయినవాళ్ళను చూశాను. ఉంచుకునే మనిషి జీతం ఒక్కటే ఆ లోన్‌కు చాలుతుందని బ్యాంకు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే అమ్మడమే మంచిది. మా విషయంలో అతని జీతం ఒక్కటే చాల్లేదు, నాదీ చాల్లేదు.

ధర ఎంత కట్టాలన్నది కూడా గొడవే. ఉంచుకునేవాడు గవర్నమెంట్ వాల్యూ చూపిస్తాడు, వదులుకునేది మార్కెట్ రేటు అడుగుతుంది. కర్నూలులో నాతో పనిచేసే ఒకామె ఇల్లు తుంగభద్రకు దగ్గర, అక్కడ కొనేవాళ్ళు ఇప్పటికీ "2009 అక్టోబర్ వరదలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయి" అని గోడ మీద గుర్తు వెతుకుతారట. వాళ్ళాయన ఆ వరద పేరు చెప్పే ఐదు లక్షలు తగ్గించాలని చూశాడు. ఇద్దరు బ్రోకర్ల దగ్గర వేరువేరుగా రేటు అడిగి, మధ్య రేటు తీసుకోండి, అంతకంటే మంచి ఉపాయం నాకు దొరకలేదు.

లెక్క

అసలు విషయం ఇక్కడుంది. మా అంకెలు కాస్త గుండ్రంగా చేసి పెడుతున్నా.

2018లో ఇల్లు 42 లక్షలు. చేతి డబ్బు 12 లక్షలు, అందులో నావి 8 (మూడు లక్షల నగలు అమ్మినవి, ఐదు దాచుకున్నవి), అతనివి 4. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం, 3.15 లక్షలు, అతను కట్టాడు. లోన్ 30 లక్షలు, ఇరవై ఏళ్ళు, ఈఎంఐ 26 వేల చిల్లర, అతని అకౌంట్లోంచి పోయేది. నేను నెలనెలా అతనికి 10 వేలు పంపేదాన్ని. 2021 చివర్లో బోరు, పైన ఒక గది నా డబ్బుతో, 4 లక్షలు.

అమ్మే రోజుకు లోన్ ఇంకా 24.60 లక్షలు ఉంది. 68లో అది తీసేసి, బ్రోకర్‌కు ఒక శాతం 68 వేలు, ఇంటి పన్ను బకాయి 12 వేలు తీసేస్తే మిగిలేది 42.60 లక్షలు. ఇదీ కళ్లంలో రాశి.

అతని మొదటి మాట: "22 లక్షలు ఈఎంఐ నేనే కట్టినా, నాకే ఎక్కువ రావాల." కడప నుంచి వాళ్ళన్న పంచాయితీకొచ్చి "సూడమ్మా, వాడు నెలనెలా కట్టింది ఉత్తపుణ్యానికి పోవాల్నా" అన్నాడు. విన్నప్పుడు న్యాయమే అనిపిస్తుంది. నేను బ్యాంకులో లోన్ స్టేట్‌మెంట్ తీయించాను, అందులో అసలు ఎంత, వడ్డీ ఎంత అని విడిగా ఉంటుంది. ఏడేళ్ళలో కట్టిన 22 లక్షల్లో అసలుకు పోయింది 5.40 లక్షలే! మిగతా 16 లక్షల పైచిలుకు వడ్డీ. లోన్ మొదటి ఏళ్ళలో అంతే, వడ్డీయే తినేస్తుంది. ఆ వడ్డీతో ఇంట్లో ఒక్క ఇటుక కూడా మనది కాలేదు, అది ఆ ఇంట్లో ఇద్దరం ఉన్నందుకు కట్టిన బాడుగ లాంటిది. బాడుగ ఇంట్లో ఉండి విడిపోతే కట్టిన బాడుగ ఎవరైనా వెనక్కి అడుగుతారా? పైగా ఆ ఏడేళ్ళు బియ్యం, కూరగాయలు, కరెంటు బిల్లు, గ్యాసు నేను చూసుకున్నా. నేను అవి లెక్కలోకి తేలేదు, అతను వడ్డీ తేకూడదు. ఇలా అనుకున్నాకే మాటలు ముందుకు కదిలాయి.

అసలుకు పోయిన 5.40ని ఈఎంఐ పంచుకున్న నిష్పత్తిలో విడగొట్టాం. నాది 10 వేలు, మిగతాది అతనిది. నాకు 2.05, అతనికి 3.35. అప్పుడు నేను ఇంట్లో పెట్టింది 8, 4, 2.05 కలిపి 14.05 లక్షలు. అతను పెట్టింది 4, 3.15, 3.35 కలిపి 10.50. మొత్తం 24.55.

ఇక్కడి నుంచి మూడు దారులున్నాయి. సగం సగం అంటే చెరి 21.30, ఎవరెంత పెట్టారన్నదానికి విలువ లేదు. పెట్టిన నిష్పత్తిలో అంటే నాకు 24.38, అతనికి 18.22. మూడోది, ఎవరు పెట్టింది వాళ్ళకు ముందు తిరిగిచ్చి, మిగిలిన లాభం 18.05 లక్షలు సమానంగా: నాకు 23.07, అతనికి 19.53 వస్తుంది. నేను ఈ మూడోదానికే ఓటేస్తాను. పెట్టుబడి తేడాగా ఉండొచ్చు గానీ ఇంటి రేటు పెరగడంలో ఎవరి గొప్పా లేదు, అక్కడ సాయినగర్‌లో రేటు పెరిగితే ఇక్కడా పెరిగింది. చివరికి 23 దగ్గర తెంపేశాను, అతనికి 19.60. ఫ్రిజ్, మంచం అతను తీసుకెళ్ళాడు, వాటి మీద మళ్ళీ పంచాయితీ పెట్టుకునే ఓపిక నాకు లేకపోయింది.

నా పదివేలు ఈఎంఐ కోసమే అని రుజువు ఎక్కడిదంటే, మొదటి రెండేళ్ళు లేదు. ఏదో డబ్బు పంపినట్టే ఉంది. తర్వాత ఫోన్‌పేలో పంపేటప్పుడు కింద "ఇంటి ఈఎంఐ" అని రాయడం మొదలెట్టా, అది కాపాడింది. ఇప్పుడు కలిసుంటున్నవాళ్ళు ఇది ఒక్కటైనా చేయండి. బోరు వేసినవాడి బిల్లు, సిమెంటు బిల్లు పారేయకండి, పన్ను దగ్గర మళ్ళీ కావాలి.

కాగితం, తర్వాత బయానా

లెక్క కుదిరిన రోజే 100 రూపాయల స్టాంపు పేపర్ మీద ఒప్పందం రాసుకోండి. ఎవరు ఎంత పెట్టారు, వాటాలు మొదటి నుంచీ ఆ పెట్టుబడిని బట్టే ఉన్నాయని, అమ్మగా వచ్చిన డబ్బులోంచి ముందు ఏవేవి పోతాయి, మిగిలింది ఎవరికెంత, అమ్మేదాకా ఈఎంఐ ఎవరు కడతారు, ధర ఎంతకు తగ్గితే ఇద్దరూ ఒప్పుకుంటేనే అమ్మాలి, ఇవన్నీ. ఇద్దరి సంతకం ప్రతి పేజీలో, ఇద్దరు సాక్షులు, చెరొక కాపీ. సాక్షులుగా చెరొకరి వైపు నుంచి ఒకరు ఉంటే మంచిది, మాకు వాళ్ళన్న, మా పిన్ని కొడుకు.

కొనేవాడు 50 లక్షలు కాగితం మీద, 18 లక్షలు చేతికి అన్నాడు. మామూలుగా అందరూ చేసేదే అని బ్రోకర్ కూడా. తప్పు అన్న సంగతి పక్కన పెట్టినా, విడిపోతున్న ఇద్దరికి బ్లాక్ డబ్బంత ప్రమాదం ఇంకోటి లేదు. ఆ సంచీ ఎవరి చేతికొస్తుంది? రెండోవాళ్ళు ఏ కాగితం చూపించి అడుగుతారు? ఇల్లు అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని పన్ను చట్టమే చెప్తోంది, తీసుకుంటే అంత మొత్తం జరిమానా. మొత్తం వైట్‌లోనే అన్నాం, ఒక వారం తిరిగాడు, మళ్ళీ వచ్చాడు.

బయానా 5 లక్షలు ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు తీయగలిగే జాయింట్ అకౌంట్లో వేయించుకున్నాం. ఎవరో ఒకరు చాలు అనే రకం జాయింట్ అకౌంట్ కాదు, అది గమనించండి. అందులోంచి బ్రోకర్‌కూ ఇంటి పన్నుకూ 80 వేలు పక్కన పెట్టి, మిగిలిన 4.20 చెరి సగం తీసుకున్నాం.

రిజిస్ట్రేషన్ రోజు

కొనేవాళ్ళ బ్యాంకు మా బ్యాంకుకు లోన్ బాకీ 24.60 లక్షలు నేరుగా కట్టేసింది. మారే వడ్డీ లోన్ అయితే ముందే తీర్చినందుకు బ్యాంకు చార్జీ వేయకూడదు. తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు ఇవ్వాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు మనకు కట్టాలని రిజర్వ్ బ్యాంక్ రూలు, 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. తీరినట్టు లెటర్ తీసుకుని, బ్యాంకు పేరున ఉన్న తనఖా ఈసీలోంచి పోయేలా చూసుకోండి.

అమ్మకం దస్తావేజులో మొత్తం ధర ఒక్కటే రాసి వదిలేయకండి. మాదాంట్లో లోన్, ఖర్చులు సగం సగం కలిపి నా వాటాకు 35.70 లక్షలు, అతని వాటాకు 32.30 అని రాయించాం, డీడీ నంబర్లతో సహా. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళ పన్ను కింద ముందే కోసి కట్టేది) పట్టుకోవాలి, అదీ ఇద్దరి పాన్‌ల మీద విడివిడిగా. మా ఆయన మొత్తం 68 వేలూ ఒకే పాన్ మీద కట్టబోయాడు, ఆపి 35,700, 32,300గా కట్టించాం. పాన్, ఆధార్ లింక్ కాకపోతే ఒక శాతం కాస్తా 20 అవుతుంది, ముందే చూసుకోండి. (మా ఆయన అంటే కొనేవాడు, అలవాటులో పడిపోయింది.)

ఆ పొద్దు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫ్యాన్ కింద బెంచీ మీద నేనొక కొసన, అతనొక కొసన. రైటర్ చదివి వినిపిస్తున్నాడు, నా పేరు దగ్గర ఆగి, "మేడం, తండ్రి పేరే కదా" అని కళ్ళజోడు పైనుంచి చూశాడు. తండ్రి పేరే అన్నాను. డీడీలు రెండు: 20,54,300 నాకు, 17,17,700 అతనికి. వేలిముద్ర పెట్టకముందే డీడీ చేతిలో పట్టుకుని, పేరు, అంకె, బ్యాంకు సీలు చూసుకున్నాం, ఇద్దరం ఒకరి డీడీ ఒకరు కూడా చూశాం. తర్వాతే వేలిముద్ర, ఫోటో. "ముందు సంతకాలు కానివ్వండి, సాయంత్రం అకౌంట్లో పడతాయి" అంటే ఒప్పుకోవద్దు.

పన్ను

రెండేళ్ళకు పైగా ఉన్న ఇల్లు కాబట్టి దీర్ఘకాలిక లాభం. 2024 జూలై 23 కంటే ముందు కొన్నవాళ్ళకు రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది: ధరల సూచీ (అంటే కొన్నప్పటి ఖర్చును ఇప్పటి ధరలకు పెంచి చూసే లెక్క) కలపకుండా 12.5 శాతం, కలిపితే 20 శాతం. మాది కొన్న ధర, రిజిస్ట్రేషన్, బోరు, గది కలిపి 49.15 లక్షలు. సూచీ లేకుండా లాభం 18.17, పన్ను 2.27 లక్షలు. సూచీ కలిపితే (2018-19కి 280, 2025-26కి 376) ఖర్చు 65.37 అయిపోతుంది, లాభం రెండు లక్షల లోపు, పన్ను 39 వేలు. ఇద్దరిదీ కలిపి! పైన సెస్సు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే ఆడిటర్‌కు ఇచ్చే ఫీజు ఏ మూలకూ రాదు. ఎవరి వాటా లాభం వాళ్ళ రిటర్నులో చూపించాలి, పట్టుకున్న టీడీఎస్ అక్కడే సర్దుబాటవుతుంది. మీ ఒప్పందంలోని వాటాలు, దస్తావేజులోని వాటాలు, టీడీఎస్ మూడూ కలవాలి. కలవకపోతే ఎక్కువ తీసుకున్నవాళ్ళకు ఆ ఎక్కువ మళ్ళీ కానుకలా కనిపిస్తుంది.

ఎంతకీ ఒప్పుకోకపోతే

ముందు లాయర్ నోటీసు. తర్వాత కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, కర్నూలు, అనంతపురం, కడప మూడింట్లోనూ జిల్లా కోర్టు దగ్గరే ఉంటుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ను ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. అదీ కాకపోతే ఇల్లున్న ఊరి సివిల్ కోర్టులో భాగపంపిణీ దావా. మూడు సెంట్ల ఇంటిని మధ్యలో గోడ కట్టి పంచలేరు కదా, అలాంటప్పుడు సగం, ఆపైన వాటా ఉన్నవాళ్ళు అడిగితే 1893 విభజన చట్టం కింద కోర్టే అమ్మించి డబ్బు పంచొచ్చు, రెండోవాళ్ళు కోర్టు కట్టిన ధరకు కొనుక్కుంటామని కూడా అడగొచ్చు. ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళన్నీ ఈఎంఐ మాత్రం ఆగదు. వాళ్ళన్నకు నేను ఈ ముక్కే చెప్పా, మరుసటి ఆదివారం లెక్క పుస్తకం పట్టుకుని అతనే వచ్చాడు.

అమ్మిన వారంలోపు జాయింట్ అకౌంట్ మూసేయండి, దానికీ ఇద్దరి సంతకం కావాలి, తర్వాత ఫోన్ ఎత్తరు. లోన్‌తో పాటు అంటగట్టిన ఇన్సూరెన్స్ ఉంటే మిగిలిన ప్రీమియం వెనక్కి వస్తుందేమో అడగండి, నామినీ పేరు మార్చుకోండి, పీఎఫ్‌లో కూడా. కరెంటు మీటరు, కుళాయి, ఇంటి పన్ను కొత్తవాళ్ళ పేరుకు మార్పించమని వెంటపడండి. మీటరు నా పేరునే ఉంది, పైగదికి కొత్తవాళ్ళు ఏసీ పెట్టించినట్టున్నారు, పోయిన నెల 4,180 వచ్చిందని మెసేజ్ నాకే వచ్చింది.